సేవ, తోడు, ఋణం

పరుల సహాయం లేకుండా మనుష్యుడు ఒక్క దినమైనా బ్రతకలేడు. ఈ మాట అందరూ ఒప్పుకొన్నదే. అయినా తన సంగతికి వచ్చేసరికి ప్రతివాడూ దానిని మరచిపోతాడు. ధాన్యం పండించినవారు, బట్ట నేసినవారు, దారి వేసినవారు మన కంటి ఎదుట లేరు కాబట్టి మనం స్వతంత్రులమని భావిస్తాము. చూపు లేనివాడు ఇంకొకరి భుజంపై చేయి వేసి నడిచినప్పుడు మాత్రం అతనిని పరాధీనుడంటాము. ఇద్దరూ పరులపై ఆధారపడినవారే. ఒకరు పొందే సహాయం మరుగున ఉన్నది. రెండవవారు పొందే సహాయం వీధిలో అందరికీ కనబడుతున్నది.

ఈ కనబడే సహాయాన్ని ఒక మూగజీవం చేసినప్పుడు ధర్మవిచారం మరింత చిక్కుపడుతుంది. అంధునికి దారి చూపే కుక్క, చక్రాల కుర్చీలో కూర్చున్నవారికి క్రిందపడిన వస్తువును నోట కరచి అందించే కుక్క, చెవి వినబడనివారికి తలుపు చప్పుడును, పసిపాప ఏడుపును తెలియజేసే కుక్క నేడు అనేక దేశాలలో ఇంటి మనుషులతో సమానంగా జీవిస్తున్నవి. మన దేశంలో అట్టివి అత్యల్పం. వీటిని గురించి ఆలోచించినప్పుడు మూడు ప్రశ్నలు ఎదురవుతున్నవి. ఒక ప్రాణిని మన అవసరానికి సాధనంగా మలచుకొనే అధికారం మనకు ఎక్కడిది? మనిషికి మనిషి చేయవలసిన పనిని కుక్కకు అప్పగించటం న్యాయమా? ఆ సేవను స్వీకరించినందుకు మనమీద పడే ఋణం ఏమిటి, అది ఎన్నాళ్లు ఉంటుంది?

ఈ మూడింటినీ అండమాన్ నికోబార్ దీవులను కళ్లముందు ఉంచుకొని విచారించటం మేలని నాకు తోస్తున్నది. అట్టి శిక్షితశునకాలు అక్కడ విరివిగా ఉన్నవని కాదు. కుక్కకూ మనిషికీ ఏర్పడిన బంధం ఇతర ప్రదేశాలలో చరిత్రకు అందనంత పాతది; అండమాన్‌లో మాత్రం అది నిన్న మొన్న మన ఎరుకలో మొదలయింది. మొదలు తెలిసిన బంధంలో బాధ్యతలను గుర్తించటం సులభం.

ముందుగా పేరును గురించి రెండు మాటలు. భాషాంతరీకరణ పనిలో ఉన్నవారికి పేరు పెట్టటమే సగం విచారణ. 'సేవాశునకం' అంటే అర్థమవుతుంది. కాని మన 'సేవ' అనే మాటకు రెండు ముఖాలున్నవి. దేవుని సేవ ఇష్టంతో చేసేది, దొరగారి సేవ గత్యంతరం లేక చేసేది. హిందీలో 'సహారా' అనే చక్కని పదం ఉన్నది. మన 'ఆసరా' కూడ ఆ వైపునుంచి వచ్చి మన ఇంట స్థిరపడినదే. ఊతకర్ర ఆసరా, అయితే కర్ర తనంతట నడవదు, దానిని మనమే నడిపించాలి. వీటన్నిటికంటె 'తోడు' అనే తెలుగు మాట నాకు సరిగా కనబడుతున్నది. పాలకు తోడు వేస్తే ఆ కొంచెపు చుక్క పాలస్వభావాన్నే మార్చివేస్తుంది. తోడు వచ్చినవారు యజమానులు కారు, దాసులూ కారు, దారిని పంచుకొన్నవారు.

పేరు మార్చినంత మాత్రాన స్థితి మారదన్న సంగతి కూడ ఇక్కడే చెప్పుకోవాలి. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి 'వికలాంగ' శబ్దానికి బదులు 'దివ్యాంగ' శబ్దం వాడవలసిందని ఆకాశవాణి ప్రసంగంలో సూచించారు. తరువాత తెలుగునాట 'విభిన్న ప్రతిభావంతులు' అనే మాట కూడ ప్రభుత్వపత్రాలలోకి వచ్చింది. మాటలో గౌరవం చేరటం మంచిదే. కాని కార్యాలయం మెట్లు ఎక్కలేనివానికి ఆ మెట్లు నిన్న ఎన్ని ఉన్నవో నేడూ అన్నే ఉన్నవి.

దారి చూపే కుక్కలకు పద్ధతిగా శిక్షణ ఇవ్వటం మొదటి ప్రపంచయుద్ధకాలంలో జర్మనీలో ఆరంభమయింది. యుద్ధంలో చూపు పోగొట్టుకొన్న సైనికుల కోసం 1916లో గెర్హార్ట్ స్టాలింగ్ అనే వైద్యుడు ఓల్డెన్‌బుర్గ్ నగరంలో ఒక శిక్షణాలయం స్థాపించాడు. స్విట్జర్లాండులో కుక్కలను పెంచుతూ ఉండిన డొరతీ యూస్టిస్ అనే అమెరికను మహిళ ఈ పనిని గురించి 1927లో ఒక పత్రికలో వ్యాసం వ్రాసింది. అది విని నాష్‌విల్ నగరానికి చెందిన మారిస్ ఫ్రాంక్ అనే అంధయువకుడు, తనకు అట్టి కుక్కను ఇస్తే తనవంటి వారందరికీ ఆ మార్గం తెరుస్తానని ఆమెకు ఉత్తరం వ్రాశాడు. 1928లో అతడు బడ్డీ అనే కుక్కతో అమెరికాకు తిరిగివచ్చి, న్యూయార్కులో వాహనాలు కిక్కిరిసిన వీధిని పత్రికావిలేఖరుల ఎదుట దాటి చూపాడు. మరుసటి ఏడు 'సీయింగ్ ఐ' సంస్థ వెలసింది. 1931 నాటికి ఇంగ్లండులో కూడ ఈ పని మొదలయింది.

ఈ కుక్కలు చేసే పనిని గురించి మనలో ఒక అపోహ ఉన్నది. కుక్క తన యజమానిని బజారుకు తీసుకొనిపోతుందని చాలమంది అనుకొంటారు. అది నిజం కాదు. ఎక్కడికి పోవాలో, ఏ మలుపు తిరగాలో మనిషి మనస్సులో ఉండాలి. ముందుకు, కుడికి, ఎడమకు అని అతడు చెబుతాడు. దారిలోని గుంటను, తలకు తగిలే కొమ్మను, మెట్టును, అడ్డంగా నిలిపిన బండిని తప్పించటం కుక్క పని. దీపస్తంభం మీది ఎరుపు, పచ్చ రంగులను చూచి అది వీధి దాటించదు. వాహనాల రొదను విని, దాటవలసిన సమయాన్ని మనిషి నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయం పొరపాటయినప్పుడు, 'ముందుకు' అన్న ఆజ్ఞను కుక్క పాటించదు. కదలక నిలుస్తుంది, లేదా దారికి అడ్డంగా నిలబడి యజమానిని ఆపుతుంది. శిక్షకులు దీనిని బుద్ధిపూర్వకమైన అవిధేయత అంటారు. చెప్పినట్లు చేయటం నేర్పటం కష్టం కాదట. ఎప్పుడు చెప్పినట్లు చేయకూడదో నేర్పటమే కష్టం.

మొదటి ప్రశ్నకు సమాధానం ఈ అవిధేయతలోనే ఉన్నదని నా అభిప్రాయం. ఒక ప్రాణిని మన పనికి వాడుకోవటం దోషం కాదా అని అడిగినప్పుడు సాధారణంగా వచ్చే సమాధానం, 'ఆ కుక్క ఎంత సంతోషంగా ఉన్నదో చూడండి' అని. ఈ సమాధానం నన్ను తృప్తిపరచదు. తరతరాలుగా అణగిన దాసుడు కూడ నవ్వుతూనే ఉండవచ్చు. పైగా ఆ కుక్క స్వభావాన్ని అట్లా తీర్చినది మనమే. మనం వేసిన ముద్రను చూపి, ఇది దాని ఇష్టమని చెప్పటం న్యాయం కాదు. సంతోషం కంటె గట్టి గీటురాయి ఒకటి కావాలి. ఈ సంబంధంలో రెండవ ప్రాణి 'కాదు' అనగలదా? అన్నప్పుడు ఆ మాట చెల్లుతుందా?

మంచి శిక్షణాలయాలలో ఈ 'కాదు' రెండు విధాల చెల్లుతున్నది. ఒకటి, పైన చెప్పినట్లు పనిలో: కుక్క నిలిచినప్పుడు మనిషి నిలవాలి. రెండవది, పనికి పూర్వమే: పుట్టిన పిల్లలను సుమారు ఒక సంవత్సరం ఒక గృహస్థుని ఇంట పెంచి, తరువాత శిక్షణకు తెస్తారు, అక్కడ ఆ పనిపై ఆసక్తి చూపనివానిని, భయపడేవానిని విడిచివేస్తారు. అట్టివి పెంపుడుకుక్కలుగా ఏదో ఒక ఇంట హాయిగా బ్రతుకుతవి. కొట్టి, ఆకలికి మాడ్చి దారి చూపించమంటే అవి చూపవు. భయపడిన కుక్క స్వయంగా నిర్ణయం చేయలేదు గనుక మనిషి ప్రాణం దానిచేతిలో పెట్టటానికి వీలులేదు. ఇక్కడ ధర్మమూ ప్రయోజనమూ ఒకే వైపున నిలిచినవి. సాధనాన్ని సాధనంగా మాత్రమే చూచినవానికి ఆ సాధనం దక్కదు.

మహాభారతం ఆరంభంలోనే ఒక కుక్క న్యాయం అడుగుతుంది. జనమేజయుడు సత్రయాగం చేస్తూ ఉండగా అక్కడికి వచ్చిన సారమేయుని అతని తమ్ములు కొట్టారు. ఆ పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరకు పోయింది. దేవశుని అయిన సరమ సభకు వచ్చి, నా బిడ్డ హవిస్సును చూడలేదు, నాకలేదు. ఎందుకు కొట్టినారని అడిగింది. వారు బదులు చెప్పలేదు. కారణం లేకుండా కొట్టినందుకు, కనబడని భయం మీకు కలుగుగాక అని ఆమె శపించింది. అంత పెద్ద గ్రంథం ఒక తల్లికుక్క ప్రశ్నతో, దానికి రాజపుత్రుల మౌనంతో మొదలుకావటం సామాన్యమైన సంగతి కాదు. కుక్కకు ప్రశ్నించే హక్కు ఉన్నదని మన పూర్వులు ఎరుగుదురు. మౌనం సమాధానం కాదనీ ఎరుగుదురు.

ఇప్పుడు రెండవ ప్రశ్న. మనిషి చేయవలసిన పనిని కుక్క చేస్తే, మనిషి తన ధర్మం నుంచి తప్పుకొన్నట్లు కాదా? ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. మన కుటుంబవ్యవస్థను మెచ్చుకొనేవారు, పాశ్చాత్యులకు బంధువులు కరవు గనుక కుక్కలు కావలసివచ్చినవి, మనకు ఆ అవసరం ఏమున్నదని అంటారు.

నికోబార్ దీవుల అనుభవం ఇక్కడ మనకు పాఠం చెబుతుంది. నికోబారీ ప్రజలలో తుహెత్ అనే విశాలకుటుంబం ఉన్నది. కొబ్బరితోటలు, పందులు, ఇళ్లు ఆ కుటుంబం మొత్తానికి చెందుతవి. ముసలివారు, అంగవైకల్యం కలవారు ఒక్కరి పాలబడరు. వారి పోషణ తుహెత్ అందరిదీ. 2004 డిసెంబరు 26న సునామీ ఆ దీవులపై విరుచుకుపడి, మూడువేలకు పైబడిన ప్రాణాలను తీసుకొన్నది. తీరంలోని ఊళ్లు తుడిచిపెట్టుకొనిపోయినవి. తరువాత వచ్చిన సహాయం భార్య, భర్త, పిల్లలు ఉన్న చిన్న కుటుంబాన్ని లెక్కగా తీసుకొన్నది. కొత్త ఇళ్లు ఆ లెక్క ప్రకారమే కట్టారు. సహాయం చేసినవారి ఉద్దేశం మంచిదే. కాని పెద్ద గొడుగును విప్పి చిన్న చిన్న గొడుగులు పంచినట్లయింది. ఒక్కొక్క దానిక్రింద ఇద్దరు ముగ్గురే పట్టినప్పుడు నడవలేనివాడు ఎవరి గొడుగు క్రిందివాడు అన్న ప్రశ్న పుడుతుంది. లోగడ ఆ ప్రశ్నకు తావే లేదు.

మన తెలుగువారి సంగతి కూడ దీనికి దూరం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో ఉన్న 3,80,581 మందిలో నూటికి సుమారు పదముగ్గురు తెలుగు మాట్లాడేవారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత అక్కడ పెద్ద భాష మనదే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపలవేటకూ, కూలికీ, కొలువులకూ ఓడలెక్కి పోయినవారు వీరిలో ఎందరో ఉన్నారు. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయర్‌లో ఇట్టి కుటుంబాలకు మేనమామ సముద్రానికి ఇవతల, మేనల్లుడు అవతల. ఊళ్లో అయితే పదిమంది చేతులు మారే పని అక్కడ ఒక్క ఇల్లాలి చేతులమీద, ఒక్క పిల్లవాని భుజం మీద పడుతుంది. అలలు లేచిన దినాన అన్నదమ్ములు పలకరించటానికైనా రాలేరు.

ఈ 'ఒక్క భుజం' ఎవరిదో మనం నిజాయితీగా చెప్పుకోవాలి. తెలుగునాట రైలుపెట్టెలలో, సంతలలో, గుడివాకిళ్లలో మనం చిన్ననాటి నుంచి చూస్తూ వచ్చిన దృశ్యం ఒకటున్నది: ముందు ఒక పిల్లవాడు కర్రకొన పట్టుకొని నడుస్తాడు, వెనుక కర్ర రెండవకొనను పట్టుకొని అంధుడైన తండ్రో తాతో నడుస్తాడు. ఆ దృశ్యం చూచి మనం జాలిపడి, తండ్రికి కాసు వేసి పోతాము. పిల్లవానిని చూడము. అది బడి వేళ. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆరేళ్లు మొదలు పదునాలుగేళ్ల వరకు ప్రతి బిడ్డకూ చదువు హక్కని చట్టం చెబుతున్నది. ఆ చట్టం ఆ కర్ర పొడవునా ప్రయాణం చేయలేక మధ్యలో ఆగిపోయింది. ఇంటిలోపల అయితే ఆ పని ఆడపిల్లదో కోడలిదో అవుతుంది. నడవలేని పెద్దకు మంచినీళ్లు, పడిన కళ్లజోడు, తెరవలసిన తలుపు, ఆర్పవలసిన దీపం—ఒక్కొక్కటి చిన్నపనే. రోజుకు నూరుసార్లు పిలిచినప్పుడు అది ఒక జీవితం.

ఇంతకు మునుపు మనం ఒక గీటురాయిని చెప్పుకొన్నాము. రెండవ ప్రాణి 'కాదు' అనగలదా, అన్నప్పుడు అది చెల్లుతుందా అని. ఆ రాయి మీద కుక్కను గీచి చూచాము. ఇప్పుడు ఈ పిల్లవానిని, ఈ కోడలిని గీచి చూడండి. శిక్షణాలయంలో ఇష్టం లేని కుక్కను విడిచిపుచ్చుతారు. ఇష్టం లేని కోడలిని ఎవరు విడిచిపుచ్చారు? కుక్క నిలిచినప్పుడు మనిషి నిలవాలన్న నియమం ఉన్నది. పిల్లవాడు నిలిచి, నేను బడికి పోతానంటే తండ్రి ఆకలి వానిని ముందుకు త్రోస్తుంది. కుక్కను సాధనంగా వాడుకోవచ్చునా అని తర్కించే మనం, మన ఇంట మనుష్యులనే సాధనాలుగా వాడుకొంటూ దానికి ప్రేమ అని పేరు పెట్టుకొన్నాము. ప్రేమ లేదని నేను అనను. ప్రేమ ఉన్నచోట 'కాదు' అనే స్వేచ్ఛ కూడ ఉండాలని మాత్రమే అంటున్నాను.

సహాయం పొందేవాని వైపు నుంచి కూడ చూడవలసి ఉన్నది. ప్రతి గ్లాసు నీళ్లకు ఒకరిని పిలవవలసివచ్చినవాడు, దాహం వేసినప్పుడు గాక, పిలిచేందుకు వీలైనప్పుడు త్రాగటం నేర్చుకొంటాడు. విసుగు లేని ముఖం కోసం ఎదురుచూస్తాడు. కుక్క ఆ విసుగును ఎరుగదు. నిన్న చేసినదాన్ని నేడు ఎత్తిపొడవదు. తలుపుకు కట్టిన త్రాటిని పండ్లతో లాగి తెరచినప్పుడు, ఇంటిలో ఎవరినీ లేపకుండ వరండాలోకి పోగలిగానన్న తృప్తి ఆ మనిషికి కలుగుతుంది. స్వాతంత్ర్యమంటే సహాయం లేకపోవటం కాదని మొదటనే అనుకొన్నాము. సహాయం అడిగిన ప్రతిసారీ తల వంచవలసిన అగత్యం లేకపోవటమే స్వాతంత్ర్యం. ఆ తరువాత కూతురు వచ్చి ప్రక్కన కూర్చుంటే, ఆమె పనిమనిషిగా గాక కూతురుగా కూర్చుంటుంది.

అయితే కుక్క ఒక్కటే ఈ పని సాధించగలదని భ్రమపడరాదు. ఎందరో అంధులు తెల్లకర్రనే ఇష్టపడతారు. కర్రకు తిండి పెట్టనక్కరలేదు, జబ్బు చేయదు. కొందరికి కుక్క అంటే భయం. కొందరికి ఇంట్లో కుక్క తిరగటం మడికి విరోధం. ఆ అయిష్టం కూడ గౌరవింపదగినదే. ఇష్టపడినవానికి సైతం శ్రీ విజయపురంలో ఏటవాలు వీధులు ఎదురవుతవి, ఏడాదిలో చాల నెలలు వర్షానికి జారే మెట్లు ఎదురవుతవి, వీధికుక్కల గుంపు ఎదురవుతుంది. దీవి నుంచి దీవికి పడవ ఎక్కాలంటే ఊగే పలక దాటాలి. కుక్క కాలిబాట మీద నడిపించగలదు. లేని కాలిబాటను కల్పించలేదు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించగా భారతదేశం 2007లో అంగీకరించిన ఒప్పందం, భవనాలలో ప్రవేశానికి తోడ్పడే సజీవసహాయాన్ని కూడ ప్రభుత్వాలు కల్పించాలన్నది. ఆ ఒప్పందాన్ని అనుసరించి 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఇరవైయొక్క విధాల వైకల్యాలను గుర్తించి, రాకపోకలకు వీలైన దారులను, భవనాలను హక్కుగా ప్రకటించింది. 2011 లెక్కలలోనే దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులుగా నమోదయ్యారు. వీరందరికీ కుక్కలను ఇవ్వటం ఎవరి తరమూ కాదు. దారులను బాగుచేయటం అందరి తరమూ అవుతుంది. అందువల్ల కుక్క మన ధర్మాన్ని మననుంచి తీసివేయదు. మంచి కుక్కతో నడిచిన అంధుడు ఏ గుంట దగ్గర ఆగిపోయాడో, సంఘం తన పనిని అక్కడ మానివేసిందని లెక్క.

మూడవ ప్రశ్న ఋణాన్ని గురించినది. దీనికి అండమాన్ చరిత్రే ఆధారం. 1858 మార్చి 10న రెండువందలమంది ఖైదీలతో 'సెమిరామిస్' నౌక పోర్ట్ బ్లెయర్ చేరినప్పటికి అండమాన్ ఆదివాసులకు కుక్క తెలియదు. వేల సంవత్సరాలుగా వారు విల్లమ్ములతో, తమ కాళ్ల వేగంతో, చెవుల చురుకుదనంతో అడవిపందిని వేటాడినవారు. వలసస్థావరంతో పాటు కుక్క వచ్చింది. అది వాసన పట్టి పందిని నిలవేస్తుందని చూచిన వెంటనే వారు దానిని తమలో చేర్చుకొన్నారు. కొద్ది దశాబ్దాలలో అండమానీయుల వేటలోనూ, లిటిల్ అండమాన్‌లోని ఓంగీల వేటలోనూ కుక్క ప్రధానమయింది. ఎవరూ శిక్షణాలయం పెట్టలేదు. మనిషి అవసరమూ కుక్క స్వభావమూ ఒకదానినొకటి గుర్తుపట్టినవి. కార్ నికోబార్‌లో ఈ బంధం ఇంకొక విధంగా ఉన్నది. అక్కడివారు తమ పుట్టుకను గురించి చెప్పుకొనే పాతకథలలో కుక్కకు పూర్వీకుల స్థానం ఉన్నది. ఒక దీవిలో కొత్తగా వచ్చిన తోడు, మరొక దీవిలో వంశానికే మూలం.

కాని ఈ చరిత్రకు రెండవ అధ్యాయం ఉన్నది. మనిషి వెంట దీవులకు వచ్చిన కుక్కలు మనిషిని విడిచి, లేక మనిషిచేత విడువబడి, అడవి అంచులలో, నిర్జనమైన ఇసుకతీరాలలో తిరగసాగినవి. అండమాన్ నికోబార్ తీరాలకు గ్రుడ్లు పెట్టవచ్చే సముద్రపు తాబేళ్ల గూళ్లను అవి త్రవ్వి తింటున్నవని ప్రకృతిశాస్త్రజ్ఞులు చాలకాలంగా ఫిర్యాదు చేస్తున్నారు. కుక్కను ఎరుగని ఆ దీవులలో తాబేలు ఈ శత్రువును ఎదుర్కొనటం నేర్చుకోలేదు. దోషం ఎవరిది? ఆకలిగొన్న కుక్కది కాదు. దానిని సముద్రం దాటించి తెచ్చి, పని అయినతరువాత లెక్క చూడకుండ వదిలినవారిది. తీర్చని ఋణం ఇంటి గోడలలో ఆగదు. తీరం మీది తాబేలు గూటిదాక పోతుంది.

ఈ విషయంలో గాంధీజీ మాట కటువైనదే గాని విడువరానిది. 1926లో అహమ్మదాబాదు మిల్లు యజమాని ఒకరు తమ ఆవరణలో తిరిగే అరవై కుక్కలను చంపించగా దేశంలో పెద్ద దుమారం లేచింది. గాంధీజీ 'యంగ్ ఇండియా'లో వరుసగా వ్యాసాలు వ్రాస్తూ, దిక్కులేని కుక్కకు దారిన పోతూ ఇంత ముద్ద పడవేయటం దయ కాదని, అది దయ పేరిట చేసే తప్పించుకోలు అని వాదించారు. కుక్కను ఆదరించదలచినవాడు దానిని తనదిగా చేసుకొని పోషించాలని, యజమాని లేని కుక్క వీధిలో తిరగటం సంఘానికే అవమానమని వారి అభిప్రాయం. చంపటాన్ని గురించి వారు చెప్పినదానితో ఏకీభవించనివారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. పోషణను గురించి చెప్పినది మాత్రం తిరుగులేని మాట. తోడును స్వీకరించటం అంటే దాని మొత్తం జీవితాన్ని స్వీకరించటం.

దారి చూపే కుక్క సాధారణంగా ఎనిమిది, పదేళ్ల వయస్సు వచ్చేసరికి పని మానుతుంది. అప్పటికి దాని కీళ్లు పట్టుకొంటవి, చూపు మందగిస్తుంది. ఒకప్పుడు అంధుని నడిపించిన కుక్క తానే గోడలకు తగులుకొంటుంది. అప్పుడు దానిని ఏమి చేయాలి? జర్మను తత్త్వవేత్త కాంటు తన ఉపన్యాసాలలో సరిగా ఈ ఉదాహరణనే తీసుకొన్నాడు. చిరకాలం విశ్వాసంతో పనిచేసిన కుక్క ముసలిదై పనికిరానప్పుడు యజమాని దానిని చచ్చేదాకా పోషించాలన్నాడు. అయితే అతని దృష్టిలో ఆ ధర్మం కుక్కపట్ల కాదు. కుక్కను చంపినవాడు తనలోని మానవత్వాన్ని చంపుకొంటాడు, రేపు మనుష్యులతోనూ అట్లాగే ప్రవర్తిస్తాడు గనుక.

మన ధర్మరాజు దీనికంటె ఒక అడుగు ముందున్నాడు. మహాప్రస్థానంలో తమ్ములు, ద్రౌపది ఒక్కొక్కరే పడిపోగా చివరిదాక అతని వెంట వచ్చినది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకు స్వర్గంలో చోటు లేదు, విడిచి రమ్మన్నాడు. ధర్మరాజు ఒప్పుకోలేదు. గమనించవలసినది ఏమంటే, ఆ కుక్క అతనికి ఏ సేవా చేయలేదు. దారి చూపలేదు, కాపలా కాయలేదు, వేటాడి పెట్టలేదు. వెంట నడిచింది, అంతే. అతడు కాంటువలె దాని సేవను లెక్కపెట్టలేదు, తన మనస్సు పాడవుతుందని వాదించలేదు. నన్ను నమ్మి వచ్చినదానిని విడువనన్నాడు. ఋణం పుట్టటానికి చేసిన పని కంటె పెట్టుకొన్న నమ్మకం గట్టి కారణం. పనికి కూలి ఇస్తే చెల్లుతుంది. నమ్మకానికి కూలి లేదు, తోడుగా ఉండటమొక్కటే దానికి ప్రతిఫలం.

ఈ సూత్రం కుక్కను దాటి ఎంతో దూరం పోతుందని పాఠకులు గ్రహించే ఉంటారు. సేవను బట్టియే విలువ కడితే, పని మానిన కుక్కకు ఎట్లా విలువ ఉండదో, పనిచేయలేని మనిషికీ అట్లాగే ఉండదు. కాలు లేనివాడు, చూపు లేనివాడు, మంచంపట్టిన ముసలితల్లి ఆ లెక్కలో నిలవరు. ముసలి కుక్కను వీధిలో వదిలిన ఇంట అంగవైకల్యం గల మనిషి నిశ్చింతగా నిద్రపోలేడు. తన వంతు ఎప్పుడని లోలోపల ఎదురుచూస్తాడు. ఇద్దరి రక్షణా ఒకే ధర్మం మీద ఆధారపడి ఉన్నది: ఉపయోగం తీరినా సంబంధం తీరదన్న ధర్మం మీద.

కాబట్టి సహాయశునకాన్ని మన దేశానికి, మన దీవులకు ఆహ్వానించవచ్చునా అంటే ఆహ్వానించవచ్చుననే నేను అంటాను, మూడు ఒప్పుదలలతో. దాని 'కాదు'ను మనం వినాలి, విన్నతరువాత మన ఇంట పిల్లల, ఆడవారి 'కాదు'ను కూడ వినటం నేర్చుకోవాలి. దారులు వేసే పని, తలుపులు వెడల్పు చేసే పని, పడవపలకకు కమ్మి బిగించే పని కుక్కమీద వేయరాదు. అవి మనుష్యుల పనులు. చివరకు, దాని ముసలితనం మన ఇంటనే గడవాలి. ఈ మూడింటికీ సిద్ధపడని ఇంటికి కుక్క అనవసరం, తెల్లకర్ర చాలు. సిద్ధపడిన ఇంట మాత్రం దానిని సేవకుడని పిలవవలసిన అవసరం ఉండదు. తోడు అంటే చాలు.